ఎవరి కోసం ఆడుతోంది? చిత్రలహరి, థింసా, మన చూపు

(అరకులోయలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి ఇక్కడ భూమి గురించి మాట్లాడారు, పోడు గురించి మాట్లాడారు, పట్టాల్లో స్త్రీల పేర్ల గురించి మాట్లాడారు. నా వంతు వచ్చేసరికి దూరదర్శన్‌లో శుక్రవారం సాయంత్రం వచ్చిన చిత్రలహరి గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. నవ్వటంలో తప్పు లేదు. సినిమా పాటల కార్యక్రమానికీ హక్కులకీ ఏమిటి సంబంధమని నేనూ చాలా కాలం అనుకున్నాను. సోషియాలజీలో పరిశోధన చేసేటప్పుడు కూడా దాని జోలికి పోలేదు. వరండాలో, వంటగది గుమ్మంలో జరిగేవి మనకి విషయాలుగా కనపడటానికి చాలా ఏళ్ళు పడుతుంది.

నా చిన్నతనం ఈ లోయలోనే గడిచింది. మా అమ్మ నర్సు. క్వార్టర్స్‌లో మాకొక నలుపు తెలుపు టీవీ ఉండేది. చుట్టూ కొండలు కాబట్టి సిగ్నల్ సరిగా అందేది కాదు. శుక్రవారం సాయంత్రమయ్యేసరికి ఒకరు డాబా ఎక్కి యాంటెనా తిప్పుతుంటే కిందనుంచి మేము 'వచ్చింది, వచ్చింది, పోయింది' అని కేకలు పెట్టేవాళ్ళం. గది నిండా జనం. గదిలో చాలనివాళ్ళు కిటికీ బయట. అడ్డాకులు అమ్ముకోటానికి కొండ మీదనుంచి వచ్చి, చీకటి పడితే మా వరండాలోనే పడుకుని తెల్లారి వెళ్ళే ఒక పెద్దావిడ ఉండేది. అందరం అప్ప అనేవాళ్ళం. ఆవిడ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి చూసేది. ఒకసారి తెర మీద హీరోయిన్ ఆడుతోంది, వెనకాల ఇరవై మంది అమ్మాయిలు అదే ఆట ఆడుతున్నారు. అప్ప మా అమ్మనడిగింది: "ఎవులి కోసం ఆడతందమ్మా ఆ గుంట? ఎనకాల అంతమందున్నారు గదా, ఒక్కర్తీ చెయ్యట్టుకోదేటి?"

మా అమ్మ నవ్వి, "సినిమా అప్పా, అలాగే ఉంటది" అంది. నేను కూడా నవ్వాను. ఆ ప్రశ్న ఎంత పెద్దదో నాకు అర్థం కావటానికి ముప్పయ్యేళ్ళు పట్టింది.

కొంచెం వెనక్కి వెళదాం. టీవీ మన పల్లెలకి పాటలు చూపించటానికి రాలేదు. 1975 ఆగస్టు నుంచి ఒక ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకి టీవీ తీసుకెళ్ళిన 'సైట్' ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, పిల్లల చదువు అన్నారు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైనప్పుడు చెప్పిన మాటలూ అవే. కానీ 1976 నుంచే దూరదర్శన్‌లో వ్యాపార ప్రకటనలు మొదలయ్యాయి. 1982 ఏషియన్ క్రీడలతో రంగులొచ్చాయి. ప్రకటనలకి జనం కావాలి, జనానికి పాటలు కావాలి. హిందీలో చిత్రహార్, మనకి చిత్రలహరి. కొత్త సినిమాకి అది ప్రచారం, సబ్బుల కంపెనీకి అది సంత, దూరదర్శన్‌కి అది రాబడి. 1982లో వేసిన పి.సి. జోషి కమిటీ దూరదర్శన్‌లో స్త్రీలని చూపించే తీరు గురించి గట్టిగానే రాసింది. ఆ నివేదికని ఎంతమంది చదివారో గానీ శుక్రవారం సాయంత్రం మాత్రం వీధులు ఖాళీ అయ్యేవి.

అయితే చిత్రలహరి చూసిన స్త్రీలందరూ మోసపోయారని చెప్పటానికి నేను రాలేదు. అలా చెప్పటం మా బోటి చదువుకున్నవాళ్ళకి బాగా అలవాటు. మా అమ్మకి వారం మొత్తంలో కాళ్ళు చాపుకుని కూర్చున్న అరగంట అదొక్కటే. ఆస్పత్రిలో డ్యూటీ, ఇంట్లో డ్యూటీ. ఆ అరగంట మాత్రం మా నాన్న మంచినీళ్ళడిగినా "లేచి తాగండి" అనేది. పక్కింటి పిన్నిగారు హీరోయిన్ చీర అంచు చూసి జాకెట్టు కుట్టించుకునేది. క్వార్టర్స్‌లో పని చేసే కొండ పిల్లలు, 'అంత చలిలో వానలో తడుస్తా ఆడుతుందే, దానికి జొరం రాదా' అని పకపకా నవ్వేవాళ్ళు. ఆ నవ్వులో చాలా తెలివి ఉంది. చూడటం కూడా ఒక విశ్రాంతి, ఒక సరదా. స్త్రీల సరదాల్ని అనుమానంగా చూసే పని మగవాళ్ళు ఎలాగూ చేస్తున్నారు, మనం కూడా చెయ్యనక్కర్లేదు.

మరి నాకున్న పేచీ ఏమిటి? అది చెప్పాలంటే నేను చదివిన బడి గురించి చెప్పాలి. బడి పేరు అనవసరం. నేను ఐదో తరగతిలోనో ఆరో తరగతిలోనో ఉన్నాను. వార్షికోత్సవానికి 'ట్రైబల్ డాన్సు' పెట్టాలన్నారు. మా తరగతిలో కొండ ఊళ్ళ నుంచి వచ్చిన ఆడపిల్లలు ఆరుగురున్నారు. నడక వచ్చినప్పటినుంచీ థింసా ఆడినవాళ్ళు. మాస్టారు వాళ్ళని అడగలేదు. ముందు వారం చిత్రలహరిలో వచ్చిన ఒక పాట తీసుకున్నారు. ఆకుల పావడాలు, తలకి ఈకలు, చేతిలో బల్లెం, అర్థం లేని అరుపులు. తెలుగు సినిమాలో 'కోయ డాన్సు' ఎలా ఉంటుందో మీకు తెలుసు. హీరోయిన్ వేషం నాకిచ్చారు. నేను కొంచెం తెల్లగా ఉంటానని నా ముఖానికి మసి పూశారు. ఆ ఆరుగురినీ నా వెనక వరుసలో పెట్టారు. వాళ్ళకి చేతులు కలపటం అలవాటు, కలుపుతూనే ఉన్నారు. మాస్టారు బెత్తంతో, 'చేతులు వదలండి, జనం వైపు చూడండి' అని అరిచేవారు. అందులో ఒకమ్మాయి, "మా ఊళ్ళో ఇలా ఆకులు కట్టుకోరండి మాస్టారూ" అంది. ఆయన చెప్పిన జవాబు నాకింకా గుర్తుంది: "సినిమాలో ఇలాగే ఉంది."

అంతే. వాదన అయిపోయింది. తన ఊరి గురించి ఆ పిల్లకి తెలిసినదానికంటే మద్రాసులో సెట్టు వేసినవాళ్ళకి తెలిసిందే నిజమైంది. ఆ రోజు నేను చాలా గర్వంగా ఆడాను. చప్పట్లు నాకే వచ్చాయి. ఆ అమ్మాయి మరుసటేడు బడికి రాలేదు. అందుకు ఇదే కారణమని నేను చెప్పలేను, ఆ ఊళ్ళ నుంచి ఆడపిల్లలు బడి మానెయ్యటానికి ఇంకా చాలా కారణాలుండేవి. కానీ ఆ బెత్తం నేను మర్చిపోలేదు.

ఇప్పుడు థింసా సంగతి. మీ ముందు దాని గురించి చెప్పటం తాతకి దగ్గులు నేర్పటమే, అయినా పత్రికలో చదివేవాళ్ళ కోసం చెబుతున్నాను. స్త్రీలు వరసగా నిలబడి ఒకరి వీపు వెనకనుంచి ఇంకొకరి చేతులు పెనవేసుకుంటారు. ముందు నడిచే ఆవిడ చేతిలో నెమలి ఈకల కట్ట. మగవాళ్ళు మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు వాయిస్తారు. వరస పాములా మెలికలు తిరిగి గుండ్రమవుతుంది. ఆకులు ఏరటాన్ని ఆడేది పొతర్ తోలా థింసా. భుజాలతో ఒకరినొకరు నెట్టుకునేది కుండా థింసా. బాగ్ థింసాలో పులి వస్తుంది. నాటికారి థింసాలో ఒక్కరే ఆడతారు, కాబట్టి ఒంటరి ఆట మీకు తెలియనిదేమీ కాదు. ఒక ఊరి వాళ్ళు ఇంకో ఊరికి వెళ్ళి ఆడి, అందరూ కలిసి భోజనం చేసే ఆచారాన్ని సంకిడి కేల్బార్ అంటారు. అంటే ఈ రోజు చూసేవాళ్ళు రేపు ఆడేవాళ్ళు. అడుగు తప్పినదాన్ని పక్కనున్న ఆమె చెయ్యి లాక్కెళుతుంది. అప్ప అడిగిన ప్రశ్న ఇక్కడనుంచి వచ్చింది. ఆవిడకి తెలిసిన ఆటలో, ఎవరి కోసం ఆడుతున్నావనే ప్రశ్న పుట్టదు.

ఇందులో మురిసిపోవలసినదంతా ఉందని కాదు. వాయిద్యాలు మగవాళ్ళ చేతుల్లోనే ఎందుకున్నాయని అడగాలి. రాత్రంతా ఆడిన స్త్రీ తెల్లారి నీళ్ళకీ కట్టెలకీ వెళుతుంది, వాయించినవాడు పడుకుంటాడు. ఆదివాసీ స్త్రీకి అన్నీ ఉన్నాయి, ఆమెకి అణచివేత తెలియదు అనేది మైదానం వాళ్ళం మా సౌకర్యం కోసం చెప్పుకునే కథ. అయినా చెయ్యి పట్టుకుని గుండ్రంగా ఆడటానికీ, చేతులు వదిలి ఒకే కన్ను వైపు తిరిగి ఆడటానికీ తేడా ఉంది. చిత్రలహరి నాకు ఆట నేర్పలేదు, చూపు నేర్పింది. ఆ చూపుకి ఎదురుగా ఎలా నిలబడాలో నేర్పింది.

ఆ తెర మీద ఇంకో విడదీత కూడా ఉంది. శరీరం ఒకరిది, గొంతు తెర వెనకున్న ఇంకొకరిది, మాటలు దాదాపు ఎప్పుడూ ఒక మగకవివి. వెనక వరుసలో ఆడే ఇరవై మందికి ముఖం కూడా సరిగా కనపడదు. సరోజ్ ఖాన్ అలాంటి వెనక వరుసలో ఆడుతూ పైకొచ్చిన మనిషే. 1988 నాటి 'తేజాబ్' పాట తర్వాతనే ఫిలింఫేర్ వాళ్ళు నృత్య దర్శకత్వానికి ఒక అవార్డు పెట్టారు. అప్పటిదాకా ఆ పనికి అవార్డుల పట్టికలో చోటే లేదు.

ఇది మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన 'అమెరికన్ బాండ్‌స్టాండ్' 1957లో దేశమంతా ప్రసారం కావటం మొదలైంది. కుర్రకారు స్టూడియోకి వచ్చి పాటలకి ఆడేవారు. ఆ పాటల్లో చాలా భాగం నల్లజాతి సంగీతంలోంచి పుట్టినవే, కానీ నల్లజాతి పిల్లల్ని స్టూడియో గుమ్మం దగ్గరే ఏదో ఒక సాకుతో ఆపేవారు. మాథ్యూ డెల్మాంట్ అనే చరిత్రకారుడు 2012లో దీని మీద ఒక పుస్తకమే రాశారు. బాల్టిమోర్‌లో 'బడ్డీ డీన్ షో' అని ఇలాంటిదే ఇంకొకటి ఉండేది. తెల్లపిల్లలూ నల్లపిల్లలూ కలిసి ఆడాలని ఉద్యమం వస్తే, కలపటానికి ఒప్పుకోలేక 1964లో కార్యక్రమాన్నే ఎత్తేశారు. ఆ తర్వాత డాన్ కార్నీలియస్ షికాగోలో 'సోల్ ట్రెయిన్' పెట్టాడు. 1971 నుంచి అది దేశమంతా వచ్చింది. నల్లజాతి పిల్లలు తమ బట్టల్లో, తమ జుట్టుతో, తమ అడుగులతో ఆడారు. ఎవరూ వాళ్ళకి ఆకులు కట్టలేదు. అదీ వ్యాపారమే, సందేహం లేదు. కానీ ఎవరి ఆట ఎవరు ఆడాలి, ఎవరి వేషంలో ఆడాలి అన్నది రాజకీయ ప్రశ్న అని వాళ్ళు 1960ల్లోనే రోడ్డు మీదకొచ్చి చెప్పారు. మనం సినిమా పాటల విషయంలో అలాంటి ప్రశ్న వెయ్యలేదు.

మనం వేసిన ప్రశ్న అశ్లీలం గురించి. పోస్టర్లకి తారు పూశాం. స్త్రీలను అసభ్యంగా చూపించటాన్ని నిషేధిస్తూ 1986లో చట్టం వచ్చింది. అది ప్రకటనలకీ, పుస్తకాలకీ, బొమ్మలకీ వర్తించే చట్టం. టీవీని అందులోకి తేవాలని 2012లో పెట్టిన సవరణ బిల్లుని తర్వాత వెనక్కి తీసుకున్నారు. ఆ ఉద్యమాన్ని నేను తక్కువ చెయ్యను, ఆ రోజుల్లో నోరు విప్పటమే గొప్ప. కానీ అశ్లీలాన్ని గుడ్డ పొడవుతో కొలిచే చూపు ఈ కొండల్లోకి వస్తే ఏమైందో మీకు తెలుసు. మోకాళ్ళ దాకా చీర, భుజం మీద ముడి, జాకెట్టు లేని ఆవిడని 'నాగరికత లేదు' అని సిగ్గుపరిచింది అదే చూపు. అదే చూపు సినిమాలో ఆమె వేషం వేసిన నటికి ఆకులు కట్టి చప్పట్లు కొట్టింది. ఒకే మనిషి ఒంటి మీద ఒకచోట గుడ్డ కప్పమని, ఇంకోచోట తియ్యమని. రెండుసార్లూ ఆవిడని అడిగినవాళ్ళు లేరు.

చిత్రలహరికి రోజులు చెల్లి చాలా కాలమైంది. 1990ల మధ్యలో ప్రైవేటు తెలుగు ఛానళ్ళు వచ్చాక పాటల కోసం శుక్రవారం దాకా ఆగనక్కర్లేకపోయింది. 2019లో ఆ పేరుతో ఒక సినిమా కూడా వచ్చింది, జ్ఞాపకంగా. కానీ ఆ బడిలో మాస్టారు వేదిక మీద చేసినది ఇప్పుడు ఈ లోయలో ఒక పరిశ్రమ. విశాఖనుంచి రైలూ బస్సూ కలిపి అమ్మే యాత్రల్లో బొర్రా గుహలుంటాయి, మ్యూజియం ఉంటుంది, భోజనంతో పాటు థింసా ఉంటుంది. గుండ్రం విప్పి వరస చేసి, పర్యాటకుల వైపు తిప్పి ఆడిస్తారు. బస్సు ఆలస్యమైతే ఆట కురచైపోతుంది. మధ్యలో ఎవరో ఒకాయన ఫోను భార్యకిచ్చి వరసలోకి దూరి చెయ్యి వేస్తాడు. వ్యూ పాయింట్ల దగ్గర గిరిజన వేషం అద్దెకి తీసుకుని ఫొటోలు దిగేవాళ్ళని చూశాను. ఆ రోజు నా ముఖానికి పూసిన మసి గుర్తొచ్చింది.

నిరుడు ఇక్కడే ఒక ఊళ్ళో ఆడేవాళ్ళతో కూర్చుని మాట్లాడాను. ఆడటం ఇష్టమేనా అంటే ఇష్టమే అన్నారు. డబ్బు వస్తుంది, మనుషుల్ని చూస్తాం, నలుగురం కలుస్తాం అన్నారు. మా అమ్మ అరగంట లాంటిదే ఇదీ. మరి ఎంత ఇస్తారంటే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బేరం కుదుర్చుకునేది మగవాళ్ళు. గుంపుకింత అని వస్తుంది, వాయించేవాళ్ళకీ ఆడేవాళ్ళకీ పంచుతారు, ఎలా పంచుతారో ఆడేవాళ్ళకి తెలియదు. ఒంట్లో బాగాలేని రోజు రానంటే ఏమవుతుందంటే, "మళ్ళీ పిలవరు" అన్నారు. ఎవరో చెయ్యి వేస్తే? నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు మనందరికీ తెలిసిన నవ్వే.

2005లో ఉపాధి హామీ చట్టం చేశాక మట్టిపనికి మస్టరు వచ్చింది, కూలి ఇంత అని కాగితం మీదకొచ్చింది. సినిమాల్లో వెనక వరుసలో ఆడేవాళ్ళకి మద్రాసులో సంఘం ఉంది, రోజుకింత అని రేటు ఉంది. థింసా ఆడే స్త్రీకి మస్టరూ లేదు, రేటూ లేదు. ఎందుకంటే అది శ్రమ కాదట, సంస్కృతి అట. వంట ప్రేమ అయినట్టు, పిల్లల పెంపకం మమకారం అయినట్టు. స్త్రీ చేసే పనికి గొప్ప పేరు పెట్టి డబ్బు ఎగ్గొట్టటం మనకి కొత్తకాదు. ఆ దారి ఎక్కడిదాకా పోతుందో 2012 జనవరిలో అండమాన్‌లో చూశాం. తిండి ఆశ చూపి జరావా ఆడపిల్లల్ని ఆడమని పురమాయిస్తున్న వీడియోని లండన్ పత్రిక అబ్జర్వర్ బయటపెట్టింది.

ఇంకొక మాట చెప్పాలి. చెప్పకుండా వెళ్ళిపోతే ఈ ఏజెన్సీలో నిలబడి ఆట గురించి మాట్లాడే అర్హత నాకుండదు. 2007 ఆగస్టు 20న వాకపల్లిలో, కూంబింగ్‌కి వచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండు మంది కోందు స్త్రీలు చెప్పారు. విచారణ మొదలవటానికే పదేళ్ళు దాటింది. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు పోలీసుల మీద కేసు కొట్టేసింది. దర్యాప్తు సరిగా చెయ్యలేదని తప్పుపడుతూ, ఆ స్త్రీలకి పరిహారం ఇవ్వమని చెప్పింది. పదహారేళ్ళు వాళ్ళు ఒకే మాట మీద నిలబడ్డారు. ఈ కొండల్లో ఆడవాళ్ళు ఆడుతుంటే చూడని కెమెరా లేదు. వాళ్ళు మాట్లాడితే రాసుకోవలసినవాళ్ళు సరిగా రాసుకోలేదు. తెర మీద శరీరం ఉండి గొంతు లేకపోవటం సినిమా పాటల్లో ఒక పద్ధతి. కోర్టు గుమ్మం దగ్గర కూడా అదే పద్ధతి నడిస్తే దాన్ని ఏమనాలి?

అందుకని థింసాని ఆపెయ్యమని నేను చెప్పను. అలా చెప్పటానికి నేనెవర్ని? చేతిలో ఉన్న చట్టాన్ని వాడదామంటాను. 1996 నాటి పెసా చట్టం నాలుగో సెక్షన్, ప్రజల సంప్రదాయాల్నీ, సాంస్కృతిక ఉనికినీ కాపాడే అధికారం గ్రామసభకి ఉందని రాసింది. మన రాష్ట్రంలో దాని నియమాలు 2011లో వచ్చాయి. గనుల గురించి, ఇసుక గురించి గ్రామసభలు తీర్మానాలు చేస్తున్నాయి కదా, ఆట గురించి ఎందుకు చెయ్యకూడదు? మా ఊరి థింసా ఎక్కడ, ఎన్ని గంటలకి, ఎంతకి ఆడాలో ఆడేవాళ్ళే తేల్చాలని, డబ్బు ఆడేవాళ్ళ పేరున రావాలని, ఒంట్లో బాగాలేనిదాన్ని మానుకోనివ్వాలని, ఫొటో తీసేముందు అడగాలని, చెయ్యి వేసినవాణ్ణి బయటికి పంపాలని. ఇటుకల పండగనాడు రోడ్డుకి అడ్డంగా నిలబడి, బండి ఆపి, పంగు వసూలు చేసి గానీ వదలని ఆడవాళ్ళు మీరు. బేరం మీకు చేతకాదంటే నేను నమ్మను. గ్రామసభలో మగవాళ్ళే ఎక్కువ మాట్లాడతారు, తీర్మానం రాసే కలం కూడా వాళ్ళ చేతిలోనే ఉంటుంది, ఆ సంగతి మర్చిపోలేదు. అది ఈ సమావేశంలోనే తేలాల్సిన సంగతి.

నా సమయం అయిపోయిందని చీటీ పంపారు. నిన్న సాయంత్రం రిసార్టులో ఆడివచ్చిన నలుగురు వెనక వరుసలో కూర్చున్నారు. నిన్న ఎంత వచ్చింది, ఎవరి చేతికి వచ్చింది, అది వాళ్ళనే చెప్పమందాం. మైకు అటివ్వండి.